బోటు ఇన్సూరెన్స్ మధ్యలో క్యాన్సిల్ చేస్తే ఎంత పోతది, ఎలా చేయాలి

వేట నిషేధం దగ్గరపడిందంటే చాలు, ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో ఇంజన్ బోట్లు వేటకి పోవు కదా, 61 రోజులు కట్టేసి ఉండే బోటుకి ప్రీమియం దేనికి, పాలసీ ఆపేస్తే మిగతా డబ్బు వచ్చేస్తది కదా అని. బోటు అమ్మేసినవాళ్లూ అడుగుతున్నారు, ఇంకో కంపెనీ తక్కువకి ఇస్తానందని మారదామనుకునేవాళ్లూ అడుగుతున్నారు, బ్యాంకు లోన్ తీరిపోయింది ఇక ఇన్సూరెన్స్ ఎందుకు అనేవాళ్లూ ఉన్నారు. అందుకే లెక్కలతో సహా అన్నీ ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక్క మాట. కంపెనీ కోసుకునే డబ్బు గురించే అందరూ అడుగుతారు గానీ అసలు ఖర్చు అది కాదు. మళ్లీ పాలసీ తీసుకునేటప్పుడు అయ్యేది, బ్యాంకు దగ్గర తగిలేది, మధ్యలో బోటుకి ఏమన్నా అయితే మీద పడేది, ఇవన్నీ కలిపి చూస్తేనే క్యాన్సిల్ చేయడం లాభమో నష్టమో తెలుస్తది. లెటర్ పెట్టే ముందే ఈ లెక్క అయిపోవాలి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

పాలసీ పూర్తి కాపీ కావాలి. మొదటి పేజీ ఒక్కటే కాదు, దాని వెనక క్లాజులు (షరతులు), ఎండార్స్‌మెంట్లు (పాలసీలో తర్వాత చేసిన మార్పుల కాగితాలు) అన్నీ. చాలామంది దగ్గర షెడ్యూల్ పేజీ ఒక్కటే ఉంటది, మిగతావి ఆఫీసులో అడిగి తీసుకోండి, ఇవ్వాల్సిందే. ప్రీమియం కట్టిన రసీదు, బోటు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, లోన్ ఉంటే బ్యాంకు అకౌంట్ వివరాలు, అమ్మేసి ఉంటే అమ్మకం కాగితం, మీ పేరు అచ్చయి ఉన్న క్యాన్సిల్డ్ చెక్కు కూడా పెట్టుకోండి. ఒక కాగితం, పెన్ను, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు, లెక్క పెద్ద కష్టమేం కాదు.

1. ఎందుకు క్యాన్సిల్ చేస్తున్నారో ముందు తేల్చుకోండి

కారణాన్ని బట్టి వెనక్కొచ్చే డబ్బు మారిపోతది, ఇది చాలామందికి తెలీదు. మన హల్ పాలసీల్లో, అంటే బోటుకే ఇచ్చే పాలసీల్లో, ఇన్‌స్టిట్యూట్ క్లాజులు అనే ముందే అచ్చేసిన షరతులు ఉంటాయి, షెడ్యూల్‌లో వాటి పేరు రాసి ఉందేమో చూడండి. ఉదాహరణకి 1983 నాటి ఇన్‌స్టిట్యూట్ టైమ్ క్లాజెస్ హల్స్ ప్రకారం బోటు ఓనరు మారితే, కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప, పాలసీ దానంతట అదే ముగిసిపోతది, అప్పుడు రోజుల లెక్కన డబ్బు వెనక్కివ్వాలి. అదే మీ అంతట మీరు వద్దనుకుని, కంపెనీ కూడా ఒప్పుకుని ఆపేస్తే నెలల లెక్క, అంటే ఇంకా మొదలవని నెలలకి మాత్రమే డబ్బు వస్తది, మొదలైన నెల మొత్తం పోయినట్టే.

అందుకని బోటు అమ్మేసినవాళ్లు లెటర్‌లో ఊరికే "క్యాన్సిల్ చేయండి" అని రాయకండి, "ఫలానా తేదీన బోటు అమ్మాను, ఓనర్‌షిప్ మారింది" అని రాసి అమ్మకం కాగితం జత చేయండి.

2. మీ పాలసీలో లెక్క ఏ పద్ధతో చూడండి

క్యాన్సిలేషన్ అనే హెడ్డింగ్ కింద ఉంటది. మూడు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. లెక్క అర్థమవడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం: ప్రీమియం 60,000, దానిమీద 18 శాతం జీఎస్టీ 10,800, మొత్తం 70,800 కట్టారు, పాలసీ అక్టోబర్ 1న మొదలైంది, ఫిబ్రవరి చివరితో ఆపేద్దామనుకున్నారు. అంటే 151 రోజులు వాడుకున్నారు, 214 రోజులు మిగిలాయి.

రోజుల లెక్క అయితే 60,000ని 214తో గుణించి 365తో భాగిస్తే 35,178 వస్తది.

నెలల లెక్క అయితే మిగిలినవి 7 నెలలు, 35,000. ఇక్కడే జాగ్రత్త, అదే లెటర్ మార్చి 5 నుంచి అమల్లోకి వచ్చేలా పెట్టారనుకోండి, మార్చి నెల అప్పటికే మొదలైపోయింది కాబట్టి 6 నెలలకే వస్తది, 30,000. ఐదు రోజుల ఆలస్యానికి 5,000 పోయాయి. పాలసీ నెల అంటే క్యాలెండర్ నెల అనుకోకండి, మీ పాలసీ 18వ తారీఖున మొదలైతే ప్రతి నెలా 18న కొత్త నెల మొదలైనట్టు. ఆ తారీఖుకి ముందే క్యాన్సిల్ అమల్లోకి రావాలి, అందులోనూ ఇది కంపెనీ ఒప్పుకుంటేనే అయ్యే పని కాబట్టి చివరి రోజు దాకా ఆగకుండా కనీసం పది రోజుల ముందు లెటర్ ఇవ్వండి.

మూడోది షార్ట్ పీరియడ్ స్కేల్. ఇందులో కంపెనీ వాడిన రోజులకంటే ఎక్కువే ఉంచుకుంటది. 5 నెలలకి 60 శాతం ఉంచుకునే స్కేల్ అయితే మీకొచ్చేది 24,000 మాత్రమే, రోజుల లెక్కతో పోలిస్తే 11 వేల పైన తేడా. ఇలాంటి స్కేళ్లలో 8 నెలలు దాటితే ఏమీ రాకపోవడం కూడా ఉంటది, అందుకే పట్టిక మొత్తం చదవండి.

మీరు కంపెనీ పేరు మీద కాకుండా సొంతంగా, వ్యక్తిగా పాలసీ తీసుకున్నవాళ్లయితే ఇంకోటి తెలుసుకోవాలి. 2024 జూన్‌లో ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఉండే ప్రభుత్వ నియంత్రణ సంస్థ) జనరల్ ఇన్సూరెన్స్ మీద ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం రిటైల్ పాలసీదారు ఎప్పుడైనా, కారణం చెప్పకుండా క్యాన్సిల్ చేసుకోవచ్చు, ఏడాది లోపు పాలసీ అయి ఆ కాలంలో క్లెయిమ్ ఏదీ లేకపోతే మిగిలిన కాలానికి దామాషాలో డబ్బు వెనక్కివ్వాలి. షార్ట్ పీరియడ్ స్కేల్ చూపించి కోస్తుంటే "నన్ను రిటైల్ కస్టమర్‌గా లెక్కేస్తున్నారా లేదా, రాసివ్వండి" అని అడగండి. నోటితో చెప్పింది లెక్కలోకి రాదు.

3. ఏ పరిస్థితిలోనూ రాని డబ్బు పక్కన పెట్టండి

ఈ ఏడాది పాలసీలో క్లెయిమ్ తీసుకుని ఉంటే రిఫండ్ మీద ఆశ పెట్టుకోకండి. బోటు పూర్తిగా పోయి టోటల్ లాస్ అయితే అసలు ప్రశ్నే లేదు. స్టాంపు ఖర్చు రాదు. ప్రీమియంలో సర్కారు సబ్సిడీ ఏమన్నా ఉంటే ఆ వాటా మీకు రాదు, మీరు జేబులోంచి కట్టిన భాగం మీదే లెక్క వేసుకోండి.

జీఎస్టీ సంగతి వేరే. కంపెనీ క్రెడిట్ నోట్ (పాత బిల్లు తగ్గించినట్టు ఇచ్చే కాగితం) ఇచ్చి ఆ ట్యాక్స్ తగ్గించుకోవచ్చు, కానీ దానికి గడువుంది: ప్రీమియం కట్టిన ఆర్థిక సంవత్సరం అయిపోయాక వచ్చే నవంబర్ 30. మన ఉదాహరణలో 35,000 రిఫండ్ మీద జీఎస్టీ 6,300, అది తక్కువేం కాదు. రిఫండ్ లెక్క అడిగేటప్పుడు "జీఎస్టీతో కలిపా, విడిగానా" అని ఆ మాట విడిగా అడగండి. లేకపోతే ప్రీమియం ఒక్కటే వచ్చి అకౌంట్‌లో పడ్డాక మళ్లీ తిరగాల్సి వస్తది.

4. కంపెనీ బయట అయ్యే ఖర్చు లెక్కేయండి

నిషేధం రెండు నెలలకి పాలసీ ఆపేద్దామనుకునేవాళ్ల కోసం ఈ లెక్క. అదే 60,000 పాలసీ, నెలల లెక్క, అక్టోబర్ 1న మొదలైంది, ఏప్రిల్ 15న ఆపారు. ఏప్రిల్ నెల మొదలైపోయింది కాబట్టి మే నుంచి సెప్టెంబర్ దాకా 5 నెలలకి 25,000 వస్తది. చూడ్డానికి బాగుంది. కానీ జూన్ 15న మళ్లీ పాలసీ కావాలి కదా, మళ్లీ అదే రేటుకి ఇచ్చారనుకున్నా మీకు నిజంగా మిగిలేది రెండు నెలల ప్రీమియం 10,000లోంచి ఏప్రిల్ రెండో సగం 2,500 పోగా 7,500. అంతే. 25,000 చేతికొచ్చింది కాబట్టి 25,000 మిగిలిందనుకుంటారు, అది కొత్త పాలసీకి కట్టేటప్పుడు తిరిగిపోయే డబ్బే.

ఆ 7,500లోంచి సర్వేయర్ ఖర్చు తీసేయండి. గ్యాప్ వచ్చిన బోటుకి కొత్తగా పాలసీ ఇవ్వాలంటే కంపెనీ మళ్లీ సర్వే రిపోర్టు, ఫొటోలు అడగొచ్చు, ఆ ఫీజు, రానుపోను ఖర్చు మీదే. చెక్క బోటు, పాత బోటు అయితే ఇంకా కష్టం, విలువ తగ్గించి రాస్తారు, కొన్నిసార్లు అసలు తీసుకోరు. రెన్యువల్ మీద నడుస్తున్న పాత బోటు పాలసీని చేజేతులా ఆపుకోవద్దని నేను గట్టిగానే చెప్తాను.

ఇక అసలు రిస్కు. కట్టేసి ఉన్న బోటుకి ఏమవుతది అంటారు. 2023 నవంబర్ 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో కాలిపోయిన బోట్లు జెట్టీ దగ్గర ఆగి ఉన్నవే, ఒకదాన్నుంచి ఇంకోదానికి మంటలు అంటుకుని పదుల బోట్లు పోయాయి. తుపాన్లు అక్టోబర్, నవంబర్‌లోనే వస్తాయనుకోవడం కూడా పొరపాటే, 2010లో లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది మే 20న, సరిగ్గా నిషేధం కాలంలో. తుపాను హెచ్చరిక వచ్చాక పరిగెత్తుకెళ్లి పాలసీ తీసుకుందామంటే అప్పుడు ఏ కంపెనీ ఇవ్వదు. 7,500 కోసం లక్షల బోటుని రెండు నెలలు గాలికి వదిలేయడం నాకైతే ససేమిరా నచ్చదు.

5. క్యాన్సిల్ చేయకుండా తగ్గించుకునే దారులు

లే-అప్ రిటర్న్ అనేది అడగండి. పాలసీలో ఆ క్లాజు ఉంటే, బోటు వరుసగా 30 రోజులు పనిచేయకుండా ఒకచోట కట్టేసి ఉన్న ప్రతి దఫాకీ కొంత శాతం ప్రీమియం వెనక్కొస్తది, పాలసీ మాత్రం నడుస్తూనే ఉంటది. నిషేధం 61 రోజులు కాబట్టి రెండు దఫాలు సరిపోతాయి. కానీ షరతులు ఉన్నాయి:

- రోజులు వరుసగా ఉండాలి. 28వ రోజున ఇంజన్ టెస్టు అని బయటికి తీసుకెళ్లారంటే ఆ దఫా పోయినట్టే.
- కంపెనీ ఒప్పుకున్న హార్బర్‌లో ఉండాలి. రక్షణ లేని చోట, బయట సముద్రానికి ఎదురుగా లంగరేసి ఉంటే రాదు.
- ఊరికే ఆగి ఉంటే ఒక శాతం, రిపేర్‌లో ఉంటే ఇంకో శాతం ఉంటది. మనవాళ్లు నిషేధంలోనే పలకలు, పెయింటు, ఇంజన్ పనులు పెట్టుకుంటారు కాబట్టి ఏ తేదీల్లో రిపేర్ జరిగిందో నిజంగా రాసి ఇవ్వండి, దాచిపెడితే తర్వాత క్లెయిమ్‌లో అడ్డం తగుల్తది.
- శాతం ఎంతో షెడ్యూల్‌లో నింపి ఉండాలి. ఖాళీగా వదిలేసి ఉంటే రెన్యువల్ అప్పుడే పట్టుబట్టి నింపించుకోండి.

కట్టేసిన తేదీ, తీసిన తేదీలకి హార్బర్ ఆఫీసు నుంచో ఫిషరీస్ ఆఫీసు నుంచో కాగితం తీసి పెట్టుకోండి, అది లేకపోతే తేదీలు నిరూపించడం కష్టం.

రెండో దారి, బోటు విలువ పాలసీలో ఉన్నదానికంటే నిజంగా తగ్గిందనిపిస్తే సమ్ ఇన్సూర్డ్ (పాలసీలో రాసిన బీమా మొత్తం) తగ్గించమని ఎండార్స్‌మెంట్ అడగొచ్చు. కానీ ప్రీమియం తగ్గాలని విలువ మరీ తక్కువ రాయించుకుంటే రేపు నష్టం జరిగితే డబ్బు కూడా ఆ మేరకే. మూడోది అమ్మకం కేసు: కొనేవాళ్లు అదే పాలసీ కొనసాగిస్తామంటే కంపెనీ ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మీరూ వాళ్లూ కాగితం రాసుకుంటే సరిపోదు.

గోదావరిలో టూరిస్టులనో ప్రయాణికులనో ఎక్కించుకునే బోట్లు నడిపేవాళ్లకి: 2021 ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం కింద ఇంజన్ బోటుకి ఇన్సూరెన్స్ తప్పనిసరి. పాలసీ ఆపి బోటు తిప్పడం కుదరదు, మనుషుల ప్రాణాల విషయం.

6. మారాలనుకుంటే కొత్త పాలసీ ముందు, క్యాన్సిల్ తర్వాత

ఇన్సూరెన్స్ చట్టం 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం కంపెనీకి అందేదాకా కవర్ మొదలవదు. "రేపు కట్టేస్తారులే, ఇవాళ్టి నుంచే ఉన్నట్టు" అని ఏజెంటు చెప్పినా అది చెల్లదు. కొత్త పాలసీ నంబరు, మొదలయ్యే తేదీ, టైము కాగితం మీద చూశాకే పాతదానికి లెటర్ పెట్టండి. ఒక రోజు రెండు పాలసీలు ఉన్నా పర్లేదు, ఒక పూట ఏదీ లేకపోవడం ప్రమాదం. కొత్త కంపెనీ ఎంత తక్కువకి ఇస్తుందో దాంట్లోంచి పాతదాని మీద పోయే డబ్బు తీసేసి చూడండి, రెన్యువల్‌కి మూడు నాలుగు నెలలే ఉంటే ఆగి అప్పుడు మారడమే మేలు.

7. లోన్ ఉంటే బ్యాంకుకి ముందు చెప్పండి

హైపోథికేషన్ ఉన్న, అంటే లోన్‌కి బ్యాంకు దగ్గర హామీగా పెట్టిన బోటుకి పాలసీలో బ్యాంకు పేరు కూడా ఉంటది. బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) లేకుండా క్యాన్సిల్ అడిగితే ఫైల్ అక్కడే ఆగిపోతది, ఒకవేళ అయినా రిఫండ్ లోన్ అకౌంట్‌కి పోవచ్చు. లోన్ ఒప్పందంలో ఇన్సూరెన్స్ ఉండాలని రాసి ఉంటే మీరు ఆపేసినా బ్యాంకే పాలసీ తీసుకుని ఆ ప్రీమియం మీ ఖాతాలో రాసేయొచ్చు, అప్పుడు మీరు మిగిల్చుకున్నది ఏమీ ఉండదు. లోన్ తీరిపోయినవాళ్లు నో డ్యూస్ (బాకీ లేదనే) కాగితం ఇచ్చి ముందు పాలసీలోంచి బ్యాంకు పేరు తీయించుకోండి.

8. లెటర్ ఇలా రాయండి

ఏజెంటుకి ఫోన్ చేసి చెప్తే క్యాన్సిల్ అయినట్టు కాదు. పాలసీ ఇచ్చిన బ్రాంచికి లెటర్ ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. దూరమైతే మెయిల్ చేసి స్పీడ్ పోస్ట్ కూడా పంపండి.

"నా బోటు (రిజిస్ట్రేషన్ నంబరు) పాలసీ నంబరు ____ ని ____ తేదీ అర్ధరాత్రి నుంచి ____ కారణంగా రద్దు చేయమని కోరుతున్నాను. ఈ పాలసీ కాలంలో క్లెయిమ్ ఏదీ తీసుకోలేదు, ఏదీ పెండింగ్‌లో లేదు. రిఫండ్ ఏ క్లాజు ప్రకారం ఎంత వస్తుందో, జీఎస్టీ భాగం ఎంతో విడిగా రాసి తెలపండి. డబ్బు జత చేసిన చెక్కులోని నా ఖాతాకి పంపండి."

సముద్రంలో ఉన్న బోటుకి ఆ రోజు నుంచే క్యాన్సిల్ తేదీ వేయకండి, బోటు ఒడ్డుకొచ్చాక తేదీ పెట్టండి. కలాసీలకి యాక్సిడెంట్ కవర్ ఇదే పాలసీలో కలిపి ఉందేమో కూడా చూడండి, ఉంటే బోటుతో పాటు అదీ ఆగిపోతది. కేంద్రం పీఎంఎంఎస్‌వై (ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన) కింద మత్స్యకారులకి ఇచ్చే 5 లక్షల ప్రమాద బీమా దీనికి సంబంధం లేనిది, అది అలాగే ఉంటది.

ఎక్కువమంది చేసే తప్పులు

చిన్న దెబ్బ తగిలింది, క్లెయిమ్ పెట్టలేదు, క్యాన్సిల్ చేసేశాక రిపేర్‌కి ఎత్తితే అడుగున పగులు బయటపడింది. ఇది మళ్లీ మళ్లీ జరుగుతది. క్యాన్సిల్‌కి ముందే బోటు ఒకసారి పూర్తిగా చూపించండి, డౌటుంటే ముందు కంపెనీకి తెలియజేయండి, అది తేలాకే లెటర్.

ఇన్‌స్టాల్‌మెంట్ కట్టడం మానేస్తే పాలసీ అదే పోతదిలే అనుకోవడం ఇంకోటి. అలా పోతే రిఫండ్ లెక్కే రాదు, రేపు ఇంకో కంపెనీ పాత పాలసీ ఎలా ముగిసిందని అడిగితే చెప్పడానికి కాగితం ఉండదు.

ఇంకా పాలసీలో ఉన్న పేరు, బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా డబ్బు తిరిగిపోతది, ముందే సరిచూసుకోండి. ఓనరు చనిపోయి ఉంటే వారసుల కాగితాలు కూడా లెటర్‌తోనే ఇవ్వండి.

9. అయిందో లేదో చెక్ చేసుకోండి

క్యాన్సిలేషన్ ఎండార్స్‌మెంట్ అనే కాగితం చేతికి రావాలి, అది రాలేదంటే పాలసీ ఇంకా నడుస్తున్నట్టే. దాంట్లో తేదీ మీరడిగిందేనా చూడండి, మీ కాలిక్యులేటర్ లెక్కతో అంకె పోల్చండి, కొన్ని రూపాయల తేడా పర్లేదు, వేలల్లో తేడా ఉంటే ఏ క్లాజు ప్రకారమో అడగండి. నెలవారీ ఆటో డెబిట్ ఉంటే బ్యాంకులో విడిగా ఆపించండి.

రిఫండ్ ఏజెంటు అకౌంట్‌కి వచ్చిందని, ఆయన ఇస్తాడని ఎవరన్నా చెప్తే ఒప్పుకోకండి. అదే 64వీబీ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది, క్యాన్సిల్ అయిన పాలసీ డబ్బు కంపెనీ నేరుగా పాలసీదారుకే ఇవ్వాలి, ఏ పరిస్థితిలోనూ ఏజెంటు ఖాతాలో వేయకూడదు.

లెక్క తేలకపోతే ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా కంప్లైంట్ పెట్టండి. పలకకపోతే ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్ ఉంది, ఫోన్‌లో అయితే 155255. నెల గడిచినా జవాబు లేకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఏడాది లోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (కంపెనీ మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు, ఏపీ, తెలంగాణ, యానాంకి ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. స్టాంపు వేయించుకున్న ఆ రెండో కాపీ, రిఫండ్ లెక్క రాసుకున్న కాగితం, పాలసీ క్లాజు పేజీ, ఈ మూడూ కంప్లైంట్‌తో జత చేస్తే చాలు.